అహల్య వద్దన్న విచారణ

ఓల్గా రాసిన 'విముక్త' కథల సంపుటిని మన పాఠకుల్లో చాలామంది చదివే ఉంటారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన పుస్తకం అది. అందులో 'మృణ్మయనాదం' అనే కథలో సీతకు అడవిలో అహల్య తారసపడుతుంది. వచ్చినవాడు ఇంద్రుడని నీకు తెలుసా, తెలియదా అన్నది లోకమంతా అహల్యను అడిగిన ప్రశ్న. ఓల్గా అహల్య ఆ ప్రశ్న అడగడంలోనే అన్యాయం ఉందంటుంది. విచారణ అంటేనే అపనమ్మకమనీ, దానికి ఒప్పుకోవడమంటే అధికారానికి తల వంచడమేననీ, ఎన్నడూ విచారణకు ఒప్పుకోవద్దనీ సీతకు చెబుతుంది. ఆ తర్వాత సీతకు ఏం జరగబోతోందో మనకు తెలుసు. అందుకే ఆ మాట మనసులో నాటుకుపోతుంది.

ఆ కథను మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ మెచ్చుకుంటాను. కాని ఈమధ్య మళ్ళీ చదివినప్పుడు ఒకచోట ఆగిపోవలసి వచ్చింది. అహల్య మీద విచారణ వద్దు, సరే. మరి ఇంద్రుడి మీద విచారణ జరగవద్దా? అది జరగాలంటే అడగవలసింది ఎవరు? అహల్యే కదా!

ఇదేదో పురాణ కాలక్షేపం కోసం లేవదీసిన చర్చ కాదు. ఇవాళ మన ఊళ్ళలో ప్రతి ఇంటా ఫోను ఉంది. ఒక అమ్మాయి పేరుతో, ఆమె ఫొటోతో, ఆమెది కాని ఖాతా ఒకటి తెరుచుకుంటుంది. అందులో ఆమె మాట్లాడినట్టే ఎవరో మాట్లాడతారు. కాలేజీవాళ్ళకూ, బంధువులకూ, ముక్కూమొహం తెలియని మగవాళ్ళకూ ఆమె పేరు మీద కబుర్లు వెళ్తాయి. ఆమె ఫోను నంబరు నలుగురికీ అందుతుంది. ఈ పని చేసేవాడు చాలాసార్లు పరాయివాడు కాడు, ఒకప్పుడు ఆమెను ప్రేమించానన్నవాడే. ఇంద్రుడు చేసిందీ ఇదే, పరరూపం ధరించి రావడం. తేడా ఒక్కటే. ఇంద్రుడు గౌతముడి రూపం ధరించాడు. వీడు అహల్య రూపమే ధరిస్తాడు.

రామాయణంలోనే అహల్య కథ రెండు రకాలుగా ఉంది. బాలకాండలో అహల్య వచ్చినవాడు ఇంద్రుడని గుర్తుపట్టే ఒప్పుకుంటుంది. ఉత్తరకాండలో అలా కాదు. అక్కడ బ్రహ్మ ఇంద్రుడికి అతని తప్పునే గుర్తుచేస్తాడు. తాను సృష్టించిన అహల్య తనకే దక్కుతుందని ఇంద్రుడు మనసులో అనుకున్నాడు. ఆమెను గౌతముడికిచ్చి పెళ్ళి చేశాక కోపం పట్టలేక ఆమె మీద అఘాయిత్యం చేశాడు. నీ రూపంలో వచ్చాడు, నాకు తెలియలేదు అని అహల్య గౌతముడితో మొరపెట్టుకుంటుంది. అంటే దక్కలేదన్న కోపం, వేషం, అఘాయిత్యం, ఈ మూడూ వరసగా ఆ కథలోనే ఉన్నాయి. మనం కొత్త నేరమనుకుంటున్నదాని ముడిసరుకు అంతా పాతదే.

మరి మన కవులు దీన్ని ఏం చేశారు? 18వ శతాబ్ది తొలి రోజుల్లో మధుర నాయకరాజుల కొలువులో ఉన్న సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'అహల్యాసంక్రందనము' రాశాడు. మనలాగే ఆంధ్రదేశానికి బయట తెలుగు బతికించుకున్నవాళ్ళలో ఆయనొకడు. ఆయన చేతిలో ఇది అహల్యకూ ఇంద్రుడికీ నడుమ సాగిన మోహ కథ అయింది. అహల్య మనసుకు కూడా ఒక కోరిక ఉందని ఒప్పుకోవడంలో ఆయన సాహసం ఉంది, కాదనను. కాని ఆ దారిలో వేషం నేరంగా మిగలలేదు, శృంగారంలో ఒక మలుపు అయిపోయింది. అంతకుముందే పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో ఇద్దరు రంభలను ఎదురెదురుగా నిలబెట్టి జగడం ఆడించాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆశ్చర్యమేస్తుంది. అసలు రంభ తానే రంభనని చెప్పుకోవలసి రావడం ఎంత ఘోరమో ఆ నవ్వులో మనకు తట్టదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాలో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేస్తే తెలుగు ప్రేక్షకులు తరాల తరబడి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. ఇక్కడ తప్పు ఆ కావ్యాలది, ఆ సినిమాది అనడం నా ఉద్దేశం కాదు. మన సాహిత్యంలో పరరూపం ఎప్పుడూ వేషం వేసినవాడి చాతుర్యంగానే కనిపించింది. రూపం పోగొట్టుకున్నవాళ్ళ వైపు నుంచి చూసే అలవాటు మనకు తక్కువ. అంతవరకే నేనంటున్నది.

ఆ వైపు నుంచి చూడడం మన దేశంలో ఒక కోర్టు 2004లోనే చేసింది. సాహిత్యం చేయవలసిన పనిని ఒక మేజిస్ట్రేటు తీర్పు ఎంతవరకు చేసిందో, ఎక్కడ చేయలేకపోయిందో చూద్దాం.

చెన్నైలో ఒకామె ఉండేది. ఆమెకు తెలిసిన కుటుంబానికి చెందిన ఒకతను ఆమెను పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. ఆమె వేరొకరిని చేసుకుంది. ఆ పెళ్ళి నిలవక విడాకులయ్యాయి. అతను మళ్ళీ వెంటపడ్డాడు. ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు అతను ఆమె పేరుతో ఒక దొంగ ఈమెయిలు ఖాతా తెరిచాడు. యాహూ సందేశ బృందాల్లో ఆమెను గురించి అసభ్యమైన రాతలు పెట్టాడు. అవి చదివిన మగవాళ్ళు ఆమెకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. 2004 ఫిబ్రవరిలో ఆమె పోలీసులకు ఫిర్యాదు చేసింది. పోలీసులు కొద్దిరోజుల్లోనే అతన్ని ముంబయిలో పట్టుకున్నారు. మార్చి 24న అభియోగపత్రం దాఖలైంది. 2004 నవంబరు 5న ఎగ్మూరులోని అదనపు చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు శిక్ష విధించారు. తమిళనాడు ప్రభుత్వం, సుహాస్ కట్టీల మధ్య కేసుగా న్యాయవాదులందరికీ తెలిసినది ఇదే. సమాచార సాంకేతిక చట్టంలోని 67వ సెక్షన్ కింద మన దేశంలో పడిన మొదటి శిక్షగా దీన్ని చెబుతారు. అతను ఆమెకు ఒకనాటి ప్రియుడు కాడు, కాదనిపించుకున్నవాడు. అయినా కథ అదే. ఉత్తరకాండ ఇంద్రుడికి ఇతనే దగ్గర.

ఆ కేసులో ప్రతివాది తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆ రాతలు ఆమె మాజీ భర్త పంపి ఉండవచ్చు, లేదా ఆమే స్వయంగా పంపి ఉండవచ్చు అన్నారు. తనను పెళ్ళి చేసుకోమని ఆమే అడిగితే అతను కాదన్నాడని, ఆ కక్షతో అతన్ని ఇరికించడానికి ఈ పని చేసిందని వాదించారు. నీకు తెలుసా, తెలియదా అన్న పాత ప్రశ్న ఇక్కడ ఒక మెట్టు పైకెక్కింది. అసలు చేసింది నువ్వే కదా అని అడుగుతోంది. ఓల్గా అహల్య భయపడింది ఇలాంటి విచారణకే. ఇంద్రుడి మీద మొదలైన విచారణ చూస్తుండగానే అహల్య మీదికి తిరుగుతుంది.

కాని ఈ కేసులో అది తిరిగి ఆగిపోయింది. ఆగడానికి కారణం మేజిస్ట్రేటుగారి దయ ఒక్కటే కాదు, సాక్ష్యం. ఏ కంప్యూటర్ల నుంచి ఆ రాతలు వెళ్ళాయో తేల్చారు. అద్దె కంప్యూటర్ల కొట్టు నడిపేవాళ్ళు కూడా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆమె గుణగణాల గురించి సాగబోయిన చర్చకు ఒక యంత్రం తాలూకు లెక్క అడ్డు నిలిచింది. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ఇదే అసలు సంగతి. విచారణ స్త్రీ నడవడి మీద నడిస్తే అది అగ్నిపరీక్ష. చేసిన పని మీద నడిస్తే అది న్యాయం.

ఇక ఆ శిక్షల పేర్లు చూడండి. విమర్శకుడికి మాటలతోనే కదా పని. 67వ సెక్షన్ అసభ్యమైనదాన్ని ప్రచురించడం గురించి చెబుతుంది. దాని కింద రెండేళ్ళ కఠిన శిక్ష, 4,000 రూపాయల జరిమానా. భారత శిక్షాస్మృతిలో 509 స్త్రీ మర్యాదను అవమానించే మాట, చేష్టల గురించి చెబుతుంది. దాని కింద ఒక ఏడాది. 469 పరువు తీయడానికి చేసే ఫోర్జరీ గురించి చెబుతుంది. దాని కింద రెండేళ్ళు. శిక్షలన్నీ కలిపి ఏకకాలంలో అమలు. ఈ మూడింట్లో ఆమె పేరును, ఆమె మాటను దొంగిలించాడన్నదానికి కాస్త దగ్గరగా వచ్చింది 1860 నాటి ఫోర్జరీ సెక్షన్ ఒక్కటే. కొత్త చట్టం పట్టించుకున్నది రాతలోని బూతును. అంటే అతను ఆమె పేరుతో బూతు లేని రాతలు రాసి ఉంటే? 'నేను చదువు మానేస్తున్నాను', 'ఈ పెళ్ళి నాకిష్టం లేదు', 'నాకు డబ్బు పంపండి' అని మర్యాదగానే రాసి ఆమె బతుకు పాడుచేసి ఉంటే? అసభ్యత సెక్షన్‌కు అందులో పట్టు దొరకదు. చదివేవాళ్ళ మనసు చెడుతుందన్న దిగులు ఆ సెక్షన్‌ది. పేరు పోయిన మనిషి దాని చూపులో పక్కన నిలబడి ఉంటుంది.

చట్టం ఈ లోపాన్ని కొంత దిద్దుకుంది. 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు 27 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 66సి సెక్షన్ మరొకరి పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం, లేదా ఆ మనిషిని గుర్తించే ఇతర విశిష్ట లక్షణాన్ని మోసపూరితంగా వాడడం నేరమంది. 66డి కంప్యూటరు సాధనంతో మరొకరిగా నటించి మోసగించడం నేరమంది. రెండింటికీ మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 2013లో వచ్చిన నేరచట్ట సవరణ స్త్రీని వెంటాడడం అనే నేరాన్ని కొత్తగా చేర్చింది. ఆమె ఈమెయిలును, అంతర్జాల వాడకాన్ని కనిపెట్టి ఉండడం కూడా వెంటాడడమే అంది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వెంటాడడం ఇప్పుడు అందులో 78వ సెక్షన్.

ఈ సవరణలన్నిటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒక చిన్న వివరణ. 2013లో 354సి సెక్షన్ కింద చేరింది, ఇప్పుడు సంహితలో 77వ సెక్షన్ కింద ఉంది. స్త్రీ తన ఏకాంత చిత్రాన్ని తీయడానికి ఒప్పుకున్నా, దాన్ని ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే, అలా పంచడం నేరమే అని దాని సారాంశం. బాలకాండ అహల్యకూ ఉత్తరకాండ అహల్యకూ నడుమ శతాబ్దాలుగా సాగిన తగువును ఆ ఒక్క వాక్యం తీర్చేస్తుంది. ఆమెకు తెలుసా, తెలియదా? తెలిసినా సరే, ఒకప్పుడు ఒప్పుకున్నా సరే, ఆ ఒప్పుదల దానికే, ఆనాటికే. దాన్ని చేతబట్టుకుని తర్వాత ఏమైనా చేయవచ్చునని కాదు. ప్రేమించిన రోజుల్లో పాస్‌వర్డు చెప్పడం కూడా ఇంతే. ఇంటి తాళంచెవి ఒకనాడు ఇచ్చినంత మాత్రాన ఇల్లు రాసిచ్చినట్టు కాదు.

ఈ వాక్యం కాగితం మీదే ఉండిపోలేదు. 2018 మార్చిలో పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్ కోర్టు ఇలాంటి కేసులో తీర్పు చెప్పింది. సంబంధం ఉన్న రోజుల్లో చేజిక్కించుకున్న ఏకాంత చిత్రాలను సంబంధం తెగాక అంతర్జాలంలో పెట్టిన యువకుడికి ఐదేళ్ళ జైలు, 9,000 రూపాయల జరిమానా విధించింది. పరిహారం విషయంలో ఆమెను అత్యాచార బాధితురాలితో సమానంగా చూడాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. సంబంధం ఉండేది కదా అన్న మాట అక్కడ అతనికి రక్షణ కాలేదు. అది ద్రోహానికి కొలత అయింది.

చట్టం తన మాటలను ఇలా దిద్దుకుంటూ వస్తే మన తెలుగు మాటలు ఎక్కడున్నాయి? పత్రికలు దశాబ్దాలుగా వాడుతున్న 'ప్రేమోన్మాది' అన్న మాట చూడండి. కాదన్న అమ్మాయి మీద దాడి చేసినవాడికీ, ఆమె ఫొటోలు బయటపెట్టినవాడికీ, ఇంటిముందు నిలబడి బెదిరించినవాడికీ అదే బిరుదు. ఆ సమాసంలో సగం ప్రేమ, సగం పిచ్చి. నేరం ఎక్కడా లేదు. ప్రేమ ఎక్కువైంది, మతి తప్పింది, పాపం అని ఆ మాటే వాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. దొంగ పేరుతో ఖాతా తెరవడానికి ఉన్మాదం పనికిరాదు. తీరిక కావాలి, పథకం కావాలి, రాత్రిపూట కూర్చుని ఆమె మాటతీరును అనుకరించే ఓపిక కావాలి. శరత్ 1917 నాటి 'దేవదాసు' నవలలో పెళ్ళి కాబోతున్న పార్వతి నుదుటి మీద దేవదాసు కొట్టి గుర్తు చేస్తాడు. మూడు తరాల తెలుగువాళ్ళు దేవదాసు కోసం ఏడ్చారు. ఆ నుదుటి మచ్చ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఈ ఉన్మాద భాషకు ఇంకొక చివర ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. నిందితులు ముగ్గురూ కొద్దిరోజులకే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎందరో చప్పట్లు కొట్టారు. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. కాని ఉన్మాదికి విచారణ అక్కర్లేదు, తూటా చాలు అనుకునే సమాజంలో దొంగ ఖాతా బాధితురాలికి దొరికేది ఏమిటి? తూటాకు చాలనంత చిన్న నేరం కనుక సర్దుకుపొమ్మని సలహా. అయితే కాల్పులు, లేకపోతే సర్దుబాటు. ఈ రెంటి నడుమ ఉన్న నిదానమైన దారి పేరే విచారణ. మన కథల్లోనూ అదే లేదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. హిమాయత్‌నగర్ అంటే హైదరాబాదులో ఉన్న పేటనుకునేవాళ్ళే ఎక్కువ. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదు వెళ్ళే రైలు దారిలో నాందేడ్ జిల్లాలో ఇంకొక హిమాయత్‌నగర్ ఉందని మనం చెప్పుకోవలసి వస్తుంది. ఒక పేరు మరొకరి కింద జమ కావడమంటే ఏమిటో మనకు ఆపాటి అనుభవం ఉంది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో రెండూ, పైన కాస్త ఉర్దూ.

మన ఆడపిల్ల ఒకతె ఇలాంటి బాధలో ఉందనుకుందాం. ఆమె పేరుతో రాసిన రాతలు తెలుగులో ఉంటాయి, చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో. ఫిర్యాదు నమోదయ్యేది మరాఠీలో. మహారాష్ట్రలో కింది కోర్టుల భాషా మరాఠీయే. నడుమ ఎవరో ఒకరు అనువాదం చేయాలి. సాహిత్యం చదివేవాళ్ళు పట్టించుకోవలసిన చోటు ఇక్కడే ఉంది. 'ఒసేయ్' అన్న పిలుపును మరాఠీలో పెట్టమంటే 'అగ' అని రాస్తారు. అక్కడ 'అగ' అనేది తల్లి కూతుర్ని, స్నేహితురాలు స్నేహితురాల్ని పిలిచే మామూలు పిలుపు. 'అది అందరితో తిరిగింది' అన్న తెలుగు వాక్యం మరాఠీలోకి 'తీ'గా వెళ్తుంది. 'తీ' అంటే మన 'ఆమె' కూడా కావచ్చు. మనిషిని వస్తువు కింద జమకట్టిన ఆ 'అది' దారిలోనే రాలిపోతుంది. తెలుగులోనైనా అమ్మమ్మ మనవరాల్ని 'అది ఇంకా తినలేదు' అంటే ముద్దు. తెగిపోయిన ప్రియుడు నలుగురి ముందు 'అది' అంటే కత్తి. ఎవరు, ఎవరితో, ఎక్కడ అన్నారన్నది చెప్పకుండా చేసిన అనువాదంలో అవమానం సాక్ష్యంగా మిగలదు. కనుక ఫిర్యాదుతో పాటు అసలు తెలుగు మాట, దాని కింద మరాఠీ అర్థం, దాని కింద ఆ పిలుపు ఎందుకు అవమానమో ఒక్క వాక్యం, ఈ మూడూ రాసి ఇవ్వగలిగినవాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండాలి. మన పత్రిక చదివేవాళ్ళు ఆ పనికి తగినవాళ్ళు.

ఇంకొక సంగతి. దొంగ ఖాతాలో రాసినది ఆమె రాత కాదని మొదట పసిగట్టేది ఎవరు? ఆమె తెలుగు తెలిసినవాళ్ళు. మన సరిహద్దు తెలుగుకు ఒక యాస ఉంది, మరాఠీ మాటలు వచ్చి పడే చోట్లు ఉన్నాయి. ఎంత అనుకరించినా ఎక్కడో ఒకచోట పరాయి చెయ్యి బయటపడుతుంది. అలాగే చేసినవాడెవడో ఆమెకు తెలిసేదీ మాటల్లోనే. వాళ్ళిద్దరికే తెలిసిన ముద్దుపేరో, ఒకనాటి సంఘటనో ఆ రాతల్లో కనబడుతుంది. దగ్గరితనమే వాడి ఆయుధం, దగ్గరితనమే వాడి జాడ. శైలి చూసి కర్తను గుర్తించడం మనం తాళపత్ర ప్రతుల విషయంలో చేస్తూనే ఉన్నాం. అయితే అది అనుమానానికి ఆధారం అవుతుంది గాని శిక్షకు చాలదు. శిక్షకు ఖాతా ఏ నంబరుతో తెరిచారు, ఏ యంత్రం నుంచి నడిపారు అన్న లెక్కలు కావాలి. సమాచార సాంకేతిక చట్టం కింద నేరాలను ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. వెంటాడడం, స్త్రీ మర్యాదకు భంగం వంటి నేరాల్లో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలని 2024 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. ఫిర్యాదు ప్రతిని ఉచితంగా ఇవ్వాలనీ చెబుతోంది.

సాక్ష్యం గురించి మన మరాఠ్వాడా పేరుతోనే ఒక తీర్పు ఉంది. జాల్నా శాసనసభ స్థానం ఎన్నిక వివాదంలో సుప్రీంకోర్టు 2020 జూలై 14న చెప్పింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని నకలుగా పెడితే దానితో పాటు చట్టం చెప్పిన ధ్రువపత్రం ఉండి తీరాలి, అసలు పరికరాన్నే కోర్టు ముందు పెట్టగలిగితే అది అక్కర్లేదు అని. ఎన్నికల తగాదా తీర్పు ఆడపిల్ల బాధకు ఎందుకని అనుకోవద్దు. ఇంట్లో ఇలాంటిది బయటపడగానే పెద్దలు మొదట చేసే పని అమ్మాయి ఫోను లాక్కుని అన్నీ చెరిపేయడం. పరువు కాపాడుతున్నామనుకుంటారు. నిజానికి కాపాడుతున్నది వాణ్ణి. రాతలను, వాటి తేదీలను, ఖాతా చిరునామాను భద్రం చేసుకున్నాకనే తీసేయమని కోరాలి. 2021 నాటి నిబంధనలు మారువేషపు ఖాతాల మీద, మార్చిన ఫొటోల మీద ఫిర్యాదు వస్తే 24 గంటల్లో కదలాలని ఆయా సంస్థలకు గడువు పెట్టాయి. తీసేసినదాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు దాచాలనీ చెప్పాయి.

ఇదంతా సాహిత్య విమర్శలో ఎందుకు అని అడగవచ్చు. స్టేషను, ధ్రువపత్రం, వాయిదా, ఇవి కథా వస్తువులా అని. గురజాడ అలా అనుకోలేదు. 'కన్యాశుల్కం'లో మగపిల్లవాడికి ఆడవేషం వేసి పెళ్ళికూతుర్ని చేస్తారు. ఆ 'పిల్ల' మాయమైతే లుబ్ధావధాన్ల మీద ఖూనీ కేసు పడుతుంది. లేని మనిషి కోసం పోలీసులు, వకీళ్ళు, దొంగసాక్షులు ఎలా కదులుతారో నాటకం సగం దాన్నే చూపిస్తుంది. రావిశాస్త్రి న్యాయవాది. 'ఆరు సారా కథలు'లో కోర్టు వరండాను ఆయన తెలుగు కథకు రంగస్థలం చేశారు. స్త్రీవాద కవులు వచ్చి జయప్రభ 'చూపులు' లాంటి కవితలతో వీధిలో మగవాడి చూపుకు కూడా ఒక పేరు పెట్టారు. ఇంత సంప్రదాయం మనకుంది. అయినా ఈ నేరం మీద వచ్చే కథలు ఎక్కువగా మూడు చోట్ల ముగుస్తున్నాయి. అమ్మాయి ఉరిపోసుకోవడం, లేదా వాడి చెంప పగలగొట్టడం, లేదా మంచి భర్త దొరికి అర్థం చేసుకోవడం. మూడింటిలోనూ ఆమె ఫిర్యాది కాదు. ఆమె స్టేషను మెట్లెక్కి, అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెప్పి, వాయిదా వాయిదాకీ రైలెక్కి వెళ్ళి, చివరికి తన పేరు తాను తిరిగి తెచ్చుకున్న కథ ఇంకా రావలసే ఉంది.

ఓల్గా అహల్యతో నాకున్న పేచీ ఇంతే. ఆమె విచారణ వద్దన్నది ముద్దాయిగా నిలబెట్టబడిన స్త్రీగా. ఆ మాట అక్షరాలా నిజం. ఫిర్యాదిగా నిలబడిన స్త్రీ అడిగే విచారణ వేరు. ఆ రెంటికీ తేడా మనం, ఊరివాళ్ళం, ఇంట్లోవాళ్ళం చూపిస్తేనే ఉంటుంది. ఆమె వెంట వెళ్ళినవాళ్ళు 'నువ్వెందుకు వాడితో మాట్లాడావు' అని దారిలో అడిగితే స్టేషను చేరకముందే ఒక విచారణ అయిపోతుంది, తీర్పూ అయిపోతుంది. ఆ ప్రశ్న ఇంట్లోనే వదిలిపెట్టి ఆమెతో నడవగలిగితే చాలు. తెలుగులో విచారించడమంటే నేరం ఆరా తీయడమే కాదు, మంచిచెడ్డలు అడగడం కూడా. ఆ రెండో అర్థం తెలిసినవాళ్ళు పక్కనుంటేనే ఆమె మొదటిదాన్ని తట్టుకోగలుగుతుంది.